దయ్యం రక్తం

అక్టోబరు 31 రాత్రి మా ఇంట విందు. దానిమ్మరసంలో వోడ్కా కలిపి ‘దయ్యం రక్తం’ అన్నాడు మనుమడు. లిచీ పండులో నల్లద్రాక్ష పొదిగి, అది కనుగుడ్డట, గ్లాసులో వేశాడు. పానముపై నాకు పేచీ లేదు. మా ఇబ్రహీంపట్నం వైపు బోనాలకు సాక పోయుట ఉన్నది. పెత్రమాసకు, కల్లు ప్రియులైన పెద్దలకు కల్లే పెట్టే ఇండ్లున్నవి. దయ్యాల భయము మనకూ కలదు, అయితే ఇంటి పెద్దలను వాటిలో జమకట్టలేదు.

హాలోవీన్ మాత్రం? నవంబరు 1న పునీతులను, 2న మృతులను తలచుకొనే క్రైస్తవుల ఆచారానికి ముందురాత్రి గదా! ఆ తలపును అక్కడే వదలి ముసుగును దిగుమతి చేసుకొన్నాము. పెత్రమాసనాడు ముత్తాతకు విస్తరి వేయుటకు సెలవు దొరకని వానికి ద్రాక్షలు పొదుగుటకు తీరిక ఎక్కడిది?

“సరదా, తాతా” అన్నాడు. సరే, ఒక గ్లాసు మా నాయన పటము ముందు పెట్టుమన్నాను. కల్లు తాగిన మనిషే, వోడ్కా కాదనడు.