ఢిల్లీ శాంతి సంఘాలు: పిలిచేది ఎవరిని, వినేది ఎవరు?

న్యూఢిల్లీ: పండుగలు సమీపించగానే దేశ రాజధానిలోని పోలీసు స్టేషన్లలో కుర్చీలు వేస్తారు. ఇరుమతాల పెద్దలు, వ్యాపారులు, కాలనీ సంక్షేమ సంఘాల ప్రతినిధులు వస్తారు. ఊరేగింపు ఏ దారిన సాగాలి, మైకులు ఎప్పుడు ఆపాలి అన్నవి చర్చించి, టీ తాగి వెళ్లిపోతారు. అమన్ కమిటీలుగా పిలిచే ఈ శాంతి సంఘాలు ఢిల్లీకి కొత్త కావు. అయితే ఆ కుర్చీలలో కూర్చున్నవారి మాటను వీధిలోని యువకులు వింటారా అన్నదే సందేహం.

2020 ఫిబ్రవరిలో ఈశాన్య ఢిల్లీలో చెలరేగిన మతఘర్షణలలో 53 మంది మరణించారు. మృతులలో ఒక హెడ్ కానిస్టేబుల్ కూడా ఉన్నారు. ఫోన్లు చేసినా పోలీసులు సకాలంలో రాలేదన్న ఆరోపణలు వెల్లువెత్తాయి. ముస్తఫాబాద్‌లోని ఒక చిన్న ఆసుపత్రి నుంచి క్షతగాత్రులను తరలించేందుకు ఢిల్లీ హైకోర్టు అర్ధరాత్రి జోక్యం చేసుకోవలసి వచ్చింది. అదే సమయంలో కొన్ని వీధులలో హిందువులు, ముస్లింలు కలిసి గస్తీ తిరిగి ఇళ్లను, ప్రార్థనా స్థలాలను కాపాడుకున్నారు. ఏళ్ల తరబడి ఉన్న ఇరుగుపొరుగు పరిచయమే వారి బలం. పోలీసుల భాగస్వామ్యం లోపించింది సరిగ్గా అక్కడే.

ఈ అపనమ్మకానికి మూలాలు లోతుగానే ఉన్నాయి. అధికారిక లెక్కల ప్రకారమే 2,733 మంది ఢిల్లీలో బలైన 1984 నాటి సిక్కుల ఊచకోతలో పోలీసులు చేష్టలుడిగి చూశారన్న నింద నేటికీ చెరిగిపోలేదు.

భివాండీ అనుభవం ఇందుకు భిన్నమైనది. మహారాష్ట్రలోని ఆ మరమగ్గాల పట్టణం కూడా 1984లోనే మతకల్లోలాలతో అట్టుడికింది. 1988లో అక్కడ డిప్యూటీ కమిషనర్‌గా బాధ్యతలు చేపట్టిన సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలను నెలకొల్పారు. పేరుమోసిన నాయకులకు బదులు సామాన్యులను వాటిలో చేర్చారు. ఆ ప్రాంతపు కానిస్టేబులుకే బాధ్యత అప్పగించారు. చిన్నాచితకా తగాదాలను కమిటీలోనే పరిష్కరించుకోవడంతో ఖాకీ దుస్తులంటే భయం తగ్గింది. బాబ్రీ మసీదు కూల్చివేత అనంతరం 1992-93లో ముంబయిలో సుమారు 900 మంది ప్రాణాలు కోల్పోగా, కూతవేటు దూరంలోని భివాండీ ప్రశాంతంగా ఉండడం గమనార్హం.

ఢిల్లీ పోలీసులు మాత్రం ప్రయత్నాలు చేయలేదనలేం. 1987లో ఉత్తర ఢిల్లీ డిప్యూటీ కమిషనర్‌గా ఉన్న కిరణ్ బేడీ చొరవతో మాదకద్రవ్యాల బానిసలకు చికిత్స అందించే నవజ్యోతి ప్రారంభమైంది. పేద యువతకు వృత్తి శిక్షణ ఇచ్చే ‘యువ’ పథకం 2017లో వచ్చింది. ఇవి మెచ్చదగినవే. చిక్కల్లా, కల్లోలం రేగినప్పుడు ఇంతకాలం కూడబెట్టిన నమ్మకం ఒక్క పూటలో ఖర్చయిపోవడమే.

జహంగీర్‌పురి ఇందుకు తాజా దృష్టాంతం. 2022 ఏప్రిల్ 16న హనుమజ్జయంతి ఊరేగింపు సందర్భంగా ఘర్షణ జరిగి పలువురు పోలీసులు గాయపడ్డారు. నాలుగు రోజులకే నగరపాలక సంస్థ బుల్డోజర్లు భారీ పోలీసు బందోబస్తు మధ్య అక్కడ దిగాయి. యథాతథ స్థితి కొనసాగించాలని సుప్రీంకోర్టు ఆదేశించిన తరువాత కూడా కొంతసేపు కూల్చివేతలు ఆగలేదు. ఏప్రిల్ 24న ఇరువర్గాలవారు త్రివర్ణ పతాకాలతో కలిసి ఊరేగారు. పోలీసులు సహకరించారు. ఆ ఊరేగింపు ఫలితమివ్వలేదని ఎవరూ అనరు. కానీ బుల్డోజర్ల వెంట వచ్చిందీ, శాంతి ఊరేగింపు వెంట నడిచిందీ ఒకే పోలీసులు. కూలిన దుకాణాల యజమానులు దీనిని ఎలా అర్థం చేసుకోవాలి?

ఢిల్లీ పోలీసులు కేంద్ర హోం శాఖ అధీనంలో ఉన్నారు. శాంతిభద్రతలపై ఢిల్లీ శాసనసభకు అధికారం లేదు. అందువల్ల వీధిలో ఫిర్యాదు పుట్టినా, స్థానిక ప్రజాప్రతినిధి చేయగలిగింది స్వల్పం. పోలీసు స్టేషన్ అధికారిని కనీసం రెండేళ్లు ఒకే చోట ఉంచాలని ప్రకాశ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే ఆదేశించింది. వీధిలో ఎవరి మాట చెల్లుతుందో అధికారికి తెలియాలంటే ఆ మాత్రం వ్యవధి కావాలి. లేకుంటే కొత్త అధికారి వచ్చిన ప్రతిసారీ పాత జాబితాలోని పాత పెద్దలకే మళ్లీ కబురు వెళుతుంది.