అండమాన్ వెళ్తున్నారా? మన ఆరోగ్యంతో పాటు అక్కడివారి ఆరోగ్యం కూడా



ఒకప్పుడు మన కొత్తగూడ, గంగారం మండలాల వారికి దూర ప్రయాణమంటే హైదరాబాదు, తిరుపతి. ఇప్పుడు ఉపాధ్యాయులు, ఉద్యోగులు, కొత్తగా పెండ్లయిన జంటలు సెలవుల్లో అండమాన్ దీవులకు కూడా వెళ్ళివస్తున్నారు. హైదరాబాదు నుంచి విమానంలో రెండు గంటలు దాటితే చేరిపోతారు. సంతోషమే. అయితే వెళ్ళేవారు హోటల్ గురించి పదిమందిని అడుగుతారు గాని, ఆరోగ్యం గురించి అడిగేవారు తక్కువ.

ఒక సంగతి చెప్తాము. ప్రయాణానికి రెండు రోజుల ముందు ఒక కుటుంబం తమ బాబును మా వద్దకు తీసుకొచ్చారు. జ్వరం, ఎర్రబడిన కండ్లు, ముఖం మీద దద్దు. చూస్తే తట్టు. "ఒక ఇంజెక్షన్ వేయండి సార్, జ్వరం తగ్గితే విమానం ఎక్కేస్తాం. టికెట్ల డబ్బులు తిరిగి రావు" అన్నారు తండ్రి. వెళ్ళవద్దని చెప్పాము. కోపంగా వెళ్ళిపోయారు. కూడబెట్టుకున్న డబ్బు పోతే కలిగే బాధ మాకు తెలుసు. అయినా అదే మాట మళ్ళీ చెప్తాము. ఎందుకో ఈ వ్యాసం చివర మీకే అర్థమవుతుంది.

ముందుగా మన జాగ్రత్తలు.

బయలుదేరే ముందు: మనది మలేరియా ఎరిగిన అడవి ప్రాంతం. వైవాక్స్ మలేరియాకు డాక్టరు 14 రోజుల మాత్రలు రాస్తే, జ్వరం తగ్గగానే మూడో రోజుకే మానేసేవారు ఎందరో. ఆ క్రిమి కాలేయంలో దాగి, నెలల తరువాత మళ్ళీ జ్వరం తెస్తుంది. అది ఓడలో రావచ్చు, దీవిలో రావచ్చు. అక్కడి సముద్రతీరపు ఉప్పునీటి గుంటల్లో కూడా మలేరియా దోమ పెరుగుతుంది. కనుక కోర్సు పూర్తి చేసే వెళ్ళండి. షుగరు, బీపీ మాత్రలు పది రోజులు ఎక్కువే ఉంచుకోండి. తుఫాను వస్తే దీవుల మధ్య పడవలు ఆగిపోతాయి. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. విమానం అడుగున వేసే సామానులో పెడితే గడ్డకట్టి పాడవవచ్చు.

ప్రయాణంలో: విశాఖపట్నం, చెన్నై నుంచి ఓడలో వెళితే రెండున్నర, మూడు రోజులు పడుతుంది. దీవుల మధ్య పడవల్లోనూ కడుపులో తిప్పుతుంది. వాంతుల మాత్ర పడవ ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి. ఏ మాత్రో డాక్టరును అడగండి. కడుపు నిండా తినవద్దు, ఖాళీ కడుపుతోనూ ఎక్కవద్దు.

సముద్రం వద్ద: చెరువులో ఈతకు, సముద్రంలో ఈతకు పోలిక లేదు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో హేవ్‌లాక్ దీవిలో (2018 నుంచి స్వరాజ్ ద్వీప్) ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట మోకాలి లోతు కూడా దిగవద్దు. పగడపు రాయి గీసుకున్న గాయం తొందరగా చీము పడుతుంది. మంచినీటితో, సబ్బుతో బాగా కడగండి. ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు, చెవిపోటు ఉన్నవారు స్కూబా డైవింగ్ జోలికి పోవద్దు. డైవింగ్ చేసినవారు ఒక రోజు గడవనిదే విమానం ఎక్కవద్దు. భూమి కంపించినా, సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోయినా, చేపలు ఏరుకోవడానికి పోకుండా మెరక మీదికి పరుగెత్తండి. 2004 డిసెంబరు 26 సునామీ నేర్పిన పాఠమిది.

తిరిగి వచ్చాక: ఎలుకల మూత్రం కలిసిన బురదనీటి ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరం అక్కడ ఎప్పటి నుంచో ఉన్నది. కాళ్ళకు పుండ్లుంటే బురదలో దిగవద్దు. వచ్చిన నెలలోగా జ్వరం వస్తే, డాక్టరుతో మొదటి మాటగా "అండమాన్ వెళ్ళొచ్చాను" అని చెప్పండి. ఆ ఒక్క మాట ప్రాణం కాపాడవచ్చు.

ఇక రెండవ వైపు. దీని గురించి ప్రయాణ పుస్తకాలు తక్కువ చెప్తాయి.

1858లో బ్రిటీషువారు పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల వలస పెట్టేనాటికి గ్రేట్ అండమానీలు అనే ఆదివాసులు వేలల్లో ఉండేవారు. 1877లో వారిలో తట్టు వ్యాపించింది. 1901 జనాభా లెక్కల్లో 625 మంది. 1961లో 19 మంది. వారిని తుడిచిపెట్టిన ప్రధాన కారణాల్లో బయటివారు తెచ్చిన రోగాలు ఒకటి. జారవాలు బయటివారితో కలవడం మొదలైన కొద్దికాలానికే, 1999లో, వారిలోనూ తట్టు వచ్చింది. మన పిల్లవానికి వారం రోజుల జ్వరం, ఎన్నడూ ఆ రోగం ఎరుగని వారికి ఊరికి ఊరే మంచం పట్టడం.

పర్యాటకులను బారాటాంగ్ తీసుకెళ్ళే రోడ్డు జారవాల అడవి మధ్యగా పోతుంది. వాహనం ఆపడం, ఫొటోలు తీయడం, బిస్కెట్లు విసరడం చట్టరీత్యా నేరం. అసలు ఆ రోడ్డు ప్రయాణమే మానుకుంటే మేలని మా అభిప్రాయం. చూడవలసినవి ఇంకా ఎన్నో ఉన్నాయి. 2018లో ఒక అమెరికా యువకుడు సువార్త చెప్పాలని నిషేధిత ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్ళి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతని ఉద్దేశాన్ని మేము తప్పుపట్టము. కాని ఆసుపత్రి నడిపేవారిగా ఒకటి చెప్పగలము. మన దగ్గులో ఏమున్నదో తెలియకుండా అటువంటి వారి దగ్గరకు పోవడం సేవ కాదు.

ఇది మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కర లేదు. మేడారం జాతర ముగిసి జనం వెళ్ళిపోయాక మిగిలే చెత్త, ఈగలు చుట్టుపక్కల గూడేల వారికి తెలుసు. వచ్చినవారు మంచివారే. కాని వదిలి వెళ్ళినదానితో ఉండవలసింది ఊరివారే. అండమాన్‌లో వచ్చిపోయే జనం మనమే.

కనుక మా మనవి. పిల్లలకు తొమ్మిది నెలలకు ఒకటి, ఏడాదిన్నర సమయంలో రెండవది, తట్టు టీకాలు రెండూ వేయించండి. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దద్దు, విడవని దగ్గు ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. తట్టు దద్దు కనబడిన తరువాత నాలుగు రోజుల వరకు ఇతరులకు అంటుకుంటుంది. టికెట్ కొనేటప్పుడే, కొంచెం ఖరీదు ఎక్కువైనా, తేదీ మార్చుకొనే వీలున్నది కొనండి.

ఆ బాబు తండ్రిగారు ఈ పత్రిక చదివితే, వారికి మా మాట ఇదే: మీ డబ్బు పోయింది నిజమే, కాని వృథా కాలేదు.

క్షేమంగా వెళ్ళండి. క్షేమంగా రండి. వారినీ క్షేమంగా ఉండనివ్వండి.