సేవకు మార్కులు సరే, హక్కు సంగతేమిటి?

నేను డిగ్రీ చదివింది సిస్టర్లు నడిపే ఆడపిల్లల కాలేజీలో. ప్రతి శనివారం మమ్మల్ని పక్క బస్తీకి తీసుకెళ్ళేవాళ్ళు. పిల్లలకు అక్షరాలు దిద్దించాం. తల్లులకు పరిశుభ్రత గురించి చెప్పాం. కుళాయి లేని ఇళ్ళలో చేతులు కడుక్కోమని చెప్పాం! కుళాయి ఎందుకు లేదని అడగడం మాత్రం మాకెవరూ నేర్పలేదు. తిరిగొచ్చి అనుభవాలు రాస్తే మార్కులు. దాదాపు అందరం ఒకటే రాశాం: "దేవుడు నాకెంత ఇచ్చాడో తెలిసింది."

నా పేచీ ఆ వాక్యంతోనే. ఎదుటివాళ్ళ లేమిని దేవుడి ఖాతాలో రాసేస్తే మునిసిపాలిటీ, కులం, కూలిరేట్లు అన్నీ తప్పించుకుంటాయి. ఇవాళ ఇదే పని గంటలూ క్రెడిట్లూ లెక్కగట్టి పాఠ్యాంశంగా సాగుతోంది. మిషనరీ కాలేజీ అయినా, మఠం కాలేజీ అయినా సేవను పుణ్యంగా నేర్పినంత కాలం తేడా ఏమీ లేదు.

ఆ శనివారాలు లేకపోతే మాలో చాలామంది బస్తీ మొహమే చూసేవాళ్ళం కాదు, నిజమే. కానీ చూసి ఏం నేర్చుకున్నాం?

ఆడవాళ్ళకు సేవ కొత్తదా? ఇంటి చాకిరీకి పెట్టిన పేరే అది. 1975లో మొదలైన అంగన్‌వాడీల్లో పనిచేసే స్త్రీలకు ప్రభుత్వం ఇచ్చేది జీతం కాదట, గౌరవవేతనమట! వాళ్ళకు గ్రాట్యుటీ హక్కుందని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2022 వచ్చింది. సేవే పుణ్యమని నేర్చుకున్న పిల్ల రేపు తన పనికి కూలి అడగగలదా?

నెల్లూరు జిల్లా దూబగుంటను గుర్తు చేసుకుందాం. అక్కడి అక్షరాస్యత తరగతులకూ వాలంటీర్లు వెళ్ళారు. అయితే అక్షరాలతోపాటు సారా సంగతి చర్చకొచ్చింది. ఏం చెయ్యాలో ఆడవాళ్ళే తేల్చుకున్నారు. 1992లో ఆ పోరాటం ఊరూరా పాకింది. 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు.

అందుకే అడుగుతున్నాం. విద్యార్థినుల పనికి మార్కులు వేసేటప్పుడు బస్తీ స్త్రీల మాట చెల్లాలి. కుళాయి కోసం వాళ్ళు అర్జీ పెడితే పిల్లలు వెంట నడవాలి, సమాచార హక్కు దరఖాస్తు రాసిపెట్టాలి. అన్నిటికన్నా ముందు కాలేజీలో ఊడ్చే ఆయాకు ఎంత ఇస్తున్నారో పిల్లలు లెక్క తియ్యాలి. ఆ లెక్క చూపించలేని కాలేజీ బస్తీకి సేవ పాఠాలు చెప్పనక్కర్లేదు.