బకెట్టులో నా బాటనీ

మట్టి లేకుండా ఆకుకూర పెంచుతానంటే మా కంగ్టిలో నవ్వని వాళ్ళు లేరు. కంది, పత్తి పండించే ఊరు మరి! "మన్ను లేకుంట చెట్టెట్ల బతుకుతది బిడ్డా?" అని మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. మా ఇంటి ముందేమో జానెడు మట్టి లేదు, అంతా సిమెంటే.

నేను డిగ్రీలో బాటనీ చదివాను. పోషకాలు కలిపిన నీటిలోనే మొక్కను పూర్తిగా పెంచవచ్చని 1860లో జర్మనీ శాస్త్రవేత్త జూలియస్ వాన్ సాక్స్ నిరూపించాడని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ తర్వాత పెళ్ళి, పిల్లలు, వంటిల్లు. 17 ఏళ్ళుగా ఆ చదువు పట్టా కాగితంతోపాటు ట్రంకుపెట్టెలోనే ఉండిపోయింది.

పోయిన చలికాలం పాత బకెట్టు ముందేసుకుని కూర్చున్నాను. "వేరే మందు కొనుడెందుకు? చేనుకు తెచ్చిన యూరియా ఉంది, గుప్పెడు వెయ్యి" అన్నారు మావారు. అది పనికిరాదని నాకు తెలుసు. మట్టిలోనైతే సూక్ష్మజీవులు యూరియాను మొక్క తీసుకునే రూపంలోకి మారుస్తాయి. బకెట్టు నీళ్ళలో అవి ఎక్కడివి? పైగా కాల్షియం, మెగ్నీషియం, ఇనుము వంటివి అందులో ఉండనే ఉండవు. అయినా నోరు మెదపలేదు. సేద్యం చేసే మనిషికి నేనేం చెబుతానులే అనుకున్నాను. వారంలో నారంతా మాడిపోయింది. మొక్కలు పోయినదానికన్నా, తెలిసిన మాట మింగేసినందుకే ఎక్కువ బాధపడ్డాను.

రెండోసారి ఎవరినీ అడగలేదు. మట్టి లేని సాగుకని అమ్మే పోషకాల ప్యాకెట్లు తెప్పించాను. అవి రెండు భాగాలుగా వస్తాయి. కాల్షియం ఉన్నదాన్ని మిగతావాటితో చిక్కగా కలిపితే అడుగున సున్నంలా పేరుకుంటుంది. అందుకే ఒకటి నీళ్ళలో బాగా కరిగాకే రెండోది, ప్యాకెట్టు మీద చెప్పిన కొలత ప్రకారం పోశాను. బకెట్టు మూతకు చిల్లులు చేసి, అడుగున రంధ్రాలు పెట్టిన ప్లాస్టిక్ గ్లాసులు దించి, వాటిలో కొబ్బరిపొట్టు నింపి పాలకూర నారు పెట్టాను. మొదట గ్లాసుల అడుగు నీటికి తగిలితే చాలు. మొక్క తాగేకొద్దీ నీరు దిగుతుంది. ఆ ఖాళీలో వేళ్ళకు గాలి ఆడుతుంది. కనుక మళ్ళీ నిండా పోయకూడదు. మూత బిగుతుగా ఉంటే లోపల పాచి పట్టదు, దోమలు గుడ్లు పెట్టవు. హవాయి విశ్వవిద్యాలయంలో పనిచేసిన క్రాట్కీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పంపు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. పొద్దుటి ఎండ తగిలే చోటు మాత్రం కావాలి.

నారు పెట్టిన నెలకు పప్పులోకి పాలకూర కోశాను. ఇప్పుడు మా అత్తగారే "నీ బకీటు కూర ఎంతదాక వచ్చింది?" అని మూతెత్తి చూస్తున్నారు. మావారు ప్యాకెట్టు మీద రాసింది చదివి నన్ను సందేహాలు అడుగుతున్నారు!

దీంతో చేను అవసరం తీరిపోతుందని నేననను. కందులు, జొన్నలు బకెట్టులో పండించి ఇల్లు గడపలేం. పోషకాలూ ఊరికే రావు. ఇంట్లోనే లక్షలు సంపాదించవచ్చనే ప్రకటనలు చూసి వేలు పోసి కిట్లు కొనొద్దనే చెబుతాను. ముందు ఒక్క బకెట్టుతో మొదలుపెట్టండి. అది ఎందుకు బతికిందో, ఎందుకు చచ్చిందో తెలుసుకోండి. ఆడపిల్లలుంటే వాళ్ళనూ పక్కన కూర్చోబెట్టుకోండి.

"చదివి ఏం చేసింది, వంటేగా" అనే మాట మనలో చాలామంది విన్నదే. వంటింటి గుమ్మం దగ్గర చదువు ఆగిపోనక్కర్లేదు. కాకపోతే తెలిసినదాన్ని తెలిసిందని గట్టిగా చెప్పడం మనం నేర్చుకోవాలి. నాకు ఆ పాఠం నేర్పడానికి ఒక బకెట్టు నారు చావాల్సి వచ్చింది.

మీ ట్రంకుపెట్టెలో ఏ చదువు ఉందో ఒకసారి మూత తీసి చూడరాదూ!