ల్యాప్‌టాప్ మనమూ విప్పొచ్చు

ల్యాప్‌టాప్ స్క్రీన్ పగిలిందంటే మన ఇళ్లలో రెండే మాటలు వినిపిస్తాయి. "ఇంకేం పనికొస్తుంది, కొత్తది కొనాల్సిందే" అన్నది ఒకటి. "నువ్వు ముట్టుకోకు, ఉన్నది కూడా పోతుంది" అన్నది రెండోది. మొదటి మాటతో నెల బడ్జెట్ తలకిందులవుతుంది. రెండో మాట ఎక్కువగా మనకీ, మన ఆడపిల్లలకీ తగులుతుంది. ఈ రెండింటినీ అంత తేలిగ్గా ఒప్పుకోనక్కర్లేదని నేనంటాను.

ఆలోచించండి. కుక్కర్ గ్యాస్కెట్, సేఫ్టీ వాల్వ్ మార్చేది ఎవరు? కుట్టుమిషన్‌లో దారం తెగిపోతుంటే బాబిన్ కేసు తీసి, దుమ్ము దులిపి, నూనె వేసేది ఎవరు? పట్టుచీరకి కుట్టు కనబడకుండా ఫాల్ కుట్టే చేతికి చిన్న స్క్రూ తిప్పడం ఓ లెక్కా? అయినా అవన్నీ "ఇంటి పనులు", ఇది మాత్రం "టెక్నికల్" అయిపోయింది.

మొన్న వేసవిలో మా అమ్మాయి ల్యాప్‌టాప్ మూసేటప్పుడు మధ్యలో ఇయర్‌ఫోన్ ఉండిపోయి స్క్రీన్ పగిలింది. షాపులో చెప్పిన రేటు విని మా ఆయన "ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది" అన్నారు. మా అమ్మాయి మాత్రం "అమ్మా, నువ్వు లైటు పట్టుకో, నేను విప్పుతా" అంది. ఒక ఆదివారం విప్పి చూశాం, ప్యానెల్ తెప్పించుకున్నాక ఇంకో ఆదివారం బిగించాం. ఆ పని చూశాకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందుగా HDMI వైరుతో ల్యాప్‌టాప్‌ని టీవీకి కలపండి. టీవీలో బొమ్మ సరిగ్గా వస్తే, లోపల మిషన్ బాగానే ఉందనీ, పోయింది చాలావరకు స్క్రీనేననీ అర్థం. తర్వాత షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకేసి, అడుగు మూత విప్పి బ్యాటరీ కనెక్టర్ తీసేయాలి. ఇది మాత్రం మర్చిపోకూడదు. స్క్రూలన్నీ ఒకేలా ఉండవు కాబట్టి పాత పోపుల డబ్బా తెచ్చుకుని, ఏ భాగానివి ఆ గిన్నెలో వేసుకోండి. స్క్రీన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ అంచుని పాత ప్లాస్టిక్ కార్డుతో మెల్లగా లేపాలి. ప్యానెల్‌ని కొన్నిట్లో స్క్రూలు, కొన్నిట్లో జిగురు పట్టీలు పట్టి ఉంచుతాయి. వాటిని తీసి, కీబోర్డు మీద మెత్తటి గుడ్డ వేసి, ప్యానెల్‌ని బోర్లా వాల్చి, వెనకున్న వైరుని తొందరపడకుండా ఊడదీయాలి.

ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు ఉంటుంది. కొనడానికి అదే ఆధారం. 15.6 అంగుళాలు అని చెప్తే చాలదు. కనెక్టర్‌కి 30 పిన్నులా, 40 పిన్నులా, రిజల్యూషన్ ఎంత, స్క్రూ చెవులు ఉన్నాయా లేదా అన్నీ కలవాలి. మ్యాచింగ్ బ్లౌజు ముక్క కోసం చీర చెంగు పట్టుకుని షాపుకి వెళ్లే మనకి ఇది వేరే చెప్పాలా! కొత్తది తగిలించాక బ్యాటరీ కలిపి, బొమ్మ వస్తోందో లేదో చూసుకున్నాకే అంచు బిగించండి.

బాడీ విరగడానికి ఎక్కువసార్లు కారణం హింజ్. అది బిగుసుకుపోతే, ప్లాస్టిక్‌లో కూర్చోబెట్టిన ఇత్తడి నట్లు మూత తెరిచినప్పుడల్లా లాక్కుని ఊడొస్తాయి. మూల నోరు తెరిచిన రోజే వాడకం ఆపేస్తే, నట్లని అరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల జిగురుతో మళ్లీ కూర్చోబెట్టొచ్చు. మరలోకి జిగురు పోకుండా చూసుకుని, ఒక రోజంతా ఆరనివ్వాలి. హింజ్ నట్టుని కాస్త వదులు చేయకపోతే మళ్లీ అదే కథ. "ఇంకో నెల లాగిద్దాం" అనుకుంటూ వాడితే చివరికి స్క్రీన్ కూడా పోతుంది.

అన్నీ మనమే చేయాలని కాదు. టచ్‌ప్యాడ్ పైకి లేచిందంటే బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. దాన్ని నొక్కకండి, గుచ్చకండి, తెలిసినవాళ్లకే ఇవ్వండి. వారంటీ ఉంటే ముందు కంపెనీని అడగండి. అద్దం అతికించిన టచ్ స్క్రీన్ల జోలికి మొదటిసారే వెళ్లకండి.

మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్ 24న 'రైట్ టు రిపేర్' పోర్టల్ మొదలుపెట్టింది. కొన్న వస్తువుని బాగుచేయించుకునే, బాగుచేసుకునే వీలు మనకి ఉండాలన్నదే దాని వెనకున్న ఆలోచన. కానీ ఇంట్లోనే "నీకెందుకు" అనే మాట ఉంటే ఆ వీలు ఎవరికి అందుతుంది? మగపిల్లాడు రేడియో విప్పి పాడుచేస్తే "బుర్రున్నవాడు" అని మురుస్తాం. ఆడపిల్ల విప్పితే "ఎందుకొచ్చిన గొడవ" అంటాం. చాలాసార్లు ఆ మాట మన నోటినుంచే వస్తుంది.

డబ్బు మిగలడం మంచిదే. అంతకంటే, పాడైన వస్తువు ముందు బెదరకుండా కూర్చోగలిగే ఆడపిల్ల ఇంట్లో ఉండటం నాకు పెద్ద సంగతి. రేపు ఎక్కడో హాస్టల్లోనో, అద్దె ఇంట్లోనో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ ధైర్యమే అక్కరకొస్తుంది. మీ ఇంట్లో అటక మీద మూలుగుతున్న పాత ల్యాప్‌టాప్ ఉందా? ఈ సెలవుల్లో దాన్ని దించి, ఒక చిన్న స్క్రూడ్రైవర్ సెట్టు మీ అమ్మాయి చేతికివ్వండి. పక్కన మీరూ కూర్చోండి.