తలలు లెక్కపెట్టి రోడ్డేస్తారా?

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైంది. మైదాన ప్రాంతాల్లో 500 మంది, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఊరికి పక్కా రోడ్డు. నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లో 100కు తగ్గించారు. మరి 90 మందే ఉన్న గూడెం సంగతేమిటి? అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో గర్భిణులను డోలీ కట్టి మోసుకొస్తూనే ఉన్నారు. పురిటినొప్పులకు జనాభా లెక్కలు తెలియవు. ఈ పథకం నాలుగో దశకు 2011 జనాభా లెక్కలే కొలమానం. దారి లేదని కుర్రకారు ఊరు వదిలితే జనం తగ్గుతారు. జనం తగ్గారని దారి రాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లకు బస్సు ఉచితం. మంచిదే, బస్సంటూ వస్తే కదా! డోలీ మోత తప్పని ప్రతి గూడేనికీ, తలల సంఖ్యతో నిమిత్తం లేకుండా, ముందు అంబులెన్సు వెళ్లే దారి వెయ్యాలి.