పొగ సంగతి మనకా చెప్పేది?

కనుమ రాత్రి మా ఆడపడుచు భర్త విదేశం నుంచి తెచ్చిన సీసా తీశారు. లఫ్రోయ్గ్ అట, పదేళ్ళ సింగిల్ మాల్ట్ విస్కీ. హాల్లో మగవాళ్ళంతా గ్లాసులు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని "ఆహా! పొగ! సముద్రం! అయోడిన్!" అంటున్నారు. గారెల పళ్ళెం అక్కడ పెడుతూ, "అంత గొప్పేముంది అందులో?" అని అడిగాను.

"నీకు అర్థం కాదులే, ఇది మగవాళ్ళ రుచి" అన్నారు మావారు. అందరూ నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. చెంచాడు పోయించుకుని నాలుక మీద వేసుకున్నాను. ముందు ఆసుపత్రి వాసన. తర్వాత గొంతులో మంట. ఆ మంట తగ్గాక వచ్చింది అసలు రుచి. అది మా అమ్మమ్మ వంటిల్లు! వానాకాలం, తడి కట్టెలు, ఊదుగొట్టం, ఎర్రబడ్డ అమ్మమ్మ కళ్ళు. పాలు పొగవాసన వేస్తే తాతయ్య గ్లాసు పక్కకు నెట్టేసేవాడు. "పాలు కాచడం కూడా రాదు" అని తిట్టేవాడు. మీరే చెప్పండి, ఆ పొగ పాలలో ఉంటే మన చేతకానితనం, వేలు పోసి కొన్న సీసాలో ఉంటే వాళ్ళ అభిరుచీనా?

మర్నాడు దాని సంగతి చదివాను. స్కాట్లాండ్ పడమటి తీరాన ఐలా అనే దీవి. అక్కడి బురదనేలల్లో వేల ఏళ్ళుగా మగ్గిన నాచూ మొక్కల మట్టే పీట్. దాన్ని ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, మన పిడకల్లాగే కాలుస్తారు. మొలకెత్తిన బార్లీని ఆ పొగ మీద ఆరబెడతారు. గింజకు పట్టిన ఆ వాసన పదేళ్ళు పీపాలో ఉన్నా పోదు.

ఇంకో సంగతి వినండి. 1934లో బెస్సీ విలియమ్సన్ అనే అమ్మాయి ఒక్క వేసవి పనికని టైపిస్టుగా ఆ డిస్టిలరీకి వెళ్ళింది. యజమాని ఇయాన్ హంటర్ జబ్బుపడితే పని భారమంతా ఎత్తుకుంది. 1954లో ఆయన పోతూ డిస్టిలరీని ఆమెకే రాసిచ్చాడు. 1972లో రిటైరయ్యేదాకా అక్కడ పెత్తనం ఆవిడదే. మావాళ్ళు "మగవాళ్ళ రుచి" అని మురిసిపోయిన సీసా చరిత్ర ఇదీ!

నేను తాగమని చెప్పడం లేదు. మందు వల్ల కొంపలు గుల్లయిన ఆడవాళ్ళు మన వీధిలోనే ఉన్నారు. నాకూ ఆ చెంచాడు చాలు, రెండోది అక్కర్లేదు. నా తగువల్లా ఆ "అర్థం కాదులే" అన్న మాటతోనే. గ్లాసులో చుక్కకు ఇన్ని పేర్లు పెట్టగలిగిన నాలుక, ఇరవై ఏళ్ళుగా నా పులుసుకు "బాగుంది" తప్ప మరో మాట వెతకలేదేం?

మావారికి చెప్పేశాను. వచ్చే కనుమకి పొయ్యి దగ్గర నిలబడి గారెలు ఆయనే వేయాలి. పొగ గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం. ఇంకా జవాబు రాలేదు.